రైతు చేతికి అందిన అక్షరం: ఆచార్య రంగాగారి జీవితం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుడి జీవితం రాసివ్వమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు వెంటనే ఆచార్య ఎన్.జి. రంగాగారు గుర్తుకొచ్చారు. నేను రచయితను కాను. ముప్పైమూడేళ్లు ఫైళ్ల మీద నోట్లు రాసి, డెబ్బై దాటాక లైఫ్ సర్టిఫికెట్ల మీద సంతకాలు పెడుతున్నవాణ్ణి. రంగాగారిని నేను కళ్లారా చూడలేదు కూడా. అయినా ఆయన గురించే రాయడానికి ఒక కారణం ఉంది. అది నా సొంత తప్పుకు సంబంధించింది. ముందు ఆయన సంగతులు చెప్పి తర్వాత నా సంగతికి వస్తాను.

రంగాగారి పూర్తి పేరు గోగినేని రంగనాయకులు. 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో పుట్టారు. గుంటూరులో చదువుకుని, ఇంగ్లండు వెళ్లి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి 1926లో బి.లిట్. పట్టా తీసుకున్నారు. తిరిగివచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రం బోధించారు. పేరుకు ముందున్న ఆచార్య అన్న మాట ఆ ఉద్యోగం నుంచి వచ్చిందే.

ఆ రోజుల్లో సీమకు వెళ్లి చదివొచ్చినవారు చాలామంది పెద్ద కొలువులు చూసుకునేవారు. ఈయన మన పల్లెల లెక్కలు చూశారు. రైతుకు ఎకరానికి ఎంత ఖర్చవుతోంది, ఎంత చేతికొస్తోంది, అప్పు ఎంత, వడ్డీ ఎంత అన్న వివరాలతో భారత గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద ఇంగ్లీషులో రెండు సంపుటాలు రాశారు. మొదటిది 1926లో, రెండోది 1929లో వచ్చాయి. గుమస్తాగా పనిచేసినవాడికి ఈ పని విలువ తెలుస్తుంది. కాగితం మీదికి ఎక్కని కష్టం సర్కారు లెక్కలో కష్టమే కాదు.

1930లో ఆయన ఉద్యోగం, అధ్యయనం పక్కనపెట్టి స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చారు. ఆ ఏడే కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1933లో స్వగ్రామమైన నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయాన్ని స్థాపించారు. ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఇదే. అది పరీక్షలకు తయారుచేసే బడి కాదు. పల్లెల నుంచి వచ్చిన రైతుబిడ్డలకు తమ హక్కులేమిటో, శిస్తు ఎలా కడతారో, చట్టం ఏం చెబుతుందో నేర్పి, తిరిగి తమ ఊళ్లకు పంపి, పదిమందికి చెప్పగలిగేలా తయారుచేసే చోటు. తెలిసిన ఒక్కడు తెలియని వందమంది దగ్గరికి నడిచివెళ్లాలన్నది దాని పద్ధతి.

ఇక మన ప్రాంతానికి వద్దాం. ఆ కాలంలో ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా చాలా భాగం జమీందారీల కింద ఉండేది. ఆంధ్ర రాష్ట్ర రైతు సంఘం తలపెట్టిన రైతు రక్షణ యాత్ర 1937 చివర్లో మన ఇచ్ఛాపురంలోనే మొదలైంది. నూట ముప్ఫై రోజులపాటు తొమ్మిది జిల్లాల మీదుగా, పదిహేను వందల మైళ్లకు పైగా నడిచి మద్రాసు చేరారు. దారిపొడవునా సభలు పెట్టి, రైతుల నుంచి పదకొండు వందలకు పైగా అర్జీలు తీసుకుని, 1938 మార్చి 27న మద్రాసు శాసనసభకు అందజేశారు.

ఆ యాత్ర మా ఉద్దానం దాపులనుంచి వెళ్లినప్పుడు మా నాన్నగారు పదేళ్ల పిల్లాడు. ఊళ్లో చదువొచ్చినవారు ఇద్దరో ముగ్గురో. వాళ్లు చింతచెట్టు కింద కూర్చుని రాత్రి దాకా అర్జీలు రాస్తూనే ఉన్నారని, రాసినదాన్ని చదివి వినిపించాకనే ముసలివాళ్లు వేలిముద్ర వేశారని ఆయన చెప్పేవారు. తన కష్టాన్ని తన ముందే చదువుతుంటే మా తాతగారికి కళ్లనీళ్లు ఆగలేదట. అదే కష్టం ఆయన అంతకుముందు వందసార్లు నోటితో చెప్పుకున్నారు. అక్షరాల్లో వినడం అదే మొదటిసారి.

1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడింది. స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, రంగాగారు ప్రధాన కార్యదర్శి. ఆ సభ వార్షిక సమావేశం 1940 మార్చిలో మన పలాసలో జరిగింది. ఇప్పుడు పలాస అంటే అందరికీ జీడిపప్పు గుర్తొస్తుంది. ఆనాడు దేశం నలుమూలల రైతు సంఘాలవాళ్లకు తెలిసిన పేరు అది. సమావేశాలు ముగిసిన కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సాసుమాను గున్నమ్మ ప్రాణాలిచ్చింది. వీరగున్నమ్మగా ఆమె పేరు ఈనాటికీ మన ఇళ్లల్లో చెప్పుకుంటాం. జమీందారీలు 1948 చట్టంతో పోయాయిగాని, ఆ చట్టం వెనుక ఇలాంటి ఊళ్లు ఎన్నో ఉన్నాయి.

రంగాగారి రాజకీయ జీవితం చాలా పొడవైనది. అందులో మలుపులూ ఎక్కువే. కమ్యూనిస్టులతో విభేదించి కిసాన్ సభకు దూరమయ్యారు. రాజ్యాంగ సభలో సభ్యులుగా ఉన్నారు. కాంగ్రెసు నుంచి బయటికొచ్చి 1951లో కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. మళ్లీ కాంగ్రెసులో చేరారు. సహకార సమష్టి వ్యవసాయాన్ని వ్యతిరేకించి, 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపనలో పాల్గొని దానికి అధ్యక్షులయ్యారు. 1970లలో తిరిగి కాంగ్రెసులోకే వచ్చారు. సొంత భూమి ఉన్న రైతు గురించి ఆలోచించినంతగా కూలివాడి గురించి ఆలోచించలేదని ఆయన్ని విమర్శించినవాళ్లూ ఉన్నారు. ఆ విమర్శను పూర్తిగా తోసెయ్యలేం. కాని పార్టీ ఏదైనా ఆయన మాట్లాడిన విషయం మాత్రం ఎప్పుడూ వ్యవసాయమే.

మన జిల్లాకు ఆయన ఎం.పి. కూడా. 1967లో శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు వెళ్లారు. మన బారువలో పుట్టిన సర్దార్ గౌతు లచ్చన్నగారికి రంగాగారు గురుతుల్యులు. గుంటూరు మనిషికి శ్రీకాకుళంలో ఓట్లెలా పడ్డాయని ఇప్పటి పిల్లలు అడుగుతుంటారు. ఈ గురుశిష్యుల బంధం తెలిస్తే ఆ ప్రశ్న రాదు. మధ్యమధ్య విరామాలున్నా, 1930 నుంచి 1991 దాకా చట్టసభల్లో ఆయన గొంతు వినిపిస్తూనే వచ్చింది. 1991లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1995 జూన్ 9న కన్నుమూశారు. మరుసటి సంవత్సరం, 1964లో ఏర్పడిన మన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. రాష్ట్ర విభజన తర్వాత ఆ విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం గుంటూరు దగ్గర లాం గ్రామానికి వచ్చింది. పేరు తిరిగి సొంత జిల్లాకు చేరింది.

ఇప్పుడు నా సంగతి.

1980లలో నేను టెక్కలి వైపు ఒక కార్యాలయంలో గుమస్తాగా ఉండేవాణ్ణి. అప్పుడప్పుడు పైనుంచి కరపత్రాల కట్టలు వచ్చేవి. ఒకసారి జీడిమామిడిలో కాండం, వేరు తొలిచే పురుగు గురించి వచ్చాయి. నేను ఎంతో శ్రద్ధగా కట్టలు లెక్కపెట్టి, స్టాకు రిజిస్టరులో ఎక్కించి, బీరువాలో పెట్టి తాళం వేశాను. పంచితే ఎవరికి ఇచ్చామో సంతకాలు తీసుకోవాలి, లేకపోతే ఆడిట్‌లో అడుగుతారు. పంచకపోతే ఎవరూ అడగరు. అందుకని అవి అక్కడే ఉన్నాయి.

మరుసటి ఏడు మా ఊరి నుంచి వరసకు మావయ్య అయ్యే ఒకాయన నా దగ్గరికొచ్చారు. చేతి సంచిలో జీడిచెట్టు మొదలు నుంచి చెక్కిన ముక్క ఉంది. దానికి బెజ్జాలు, బెజ్జాల నుంచి రంపపు పొట్టులాంటి పొడి, జిగురు. తోటలో పదిహేను చెట్లు ఆకులు పసుపెక్కి ఎండిపోయాయట. ఇది ఏమిటో కాగితం మీద ఏమైనా ఉంటుందా అల్లుడూ అని అడిగారు. నాకు తెలియదని, వ్యవసాయాధికారి క్యాంపు నుంచి వచ్చాక కనుక్కుంటానని చెప్పి, టీ ఇప్పించి పంపేశాను. తర్వాత ఆ మాటే మరిచిపోయాను.

మార్చి నెలాఖరుకు స్టాకు సరిచూస్తూ కట్ట విప్పాను. మొదటి కాగితం మీద ఆ బెజ్జాల బొమ్మే ఉంది. మొదట్లోనే గుర్తిస్తే ఉలితోనో కత్తితోనో తొలిచి పురుగును తీసెయ్యాలని, కాండం మొదట్లో తారు, కిరసనాయిలు ఒకటికి రెండు పాళ్లలో కలిపి పూయాలని, పూర్తిగా చచ్చిన చెట్లను వేళ్లతో సహా తీసెయ్యకపోతే పక్క చెట్లకు పాకుతుందని తేలిక తెలుగులో రాసి ఉంది. ఆ ఆదివారమే సైకిలు మీద మావయ్య దగ్గరికి వెళ్లాను. అప్పటికి నలభై చెట్లు పోయాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కాగితం తీసుకుని తిరగేసి చూసి, తనకు చదువు రాదు కదా, చదివి వినిపించమన్నారు.

మిత్రులారా, ఆ రోజు నాకు తెలిసింది ఇదే. కాగితం అచ్చయితే చాలదు. బీరువాలో ఉంటే చాలదు. చేతికిచ్చినా చాలదు. చదివి చెప్పే మనిషి కావాలి. నిడుబ్రోలులో రంగాగారు 1933లోనే చేసిన పని అది. ఆ సంగతి నేను ఒక తోట ఎండిపోయాక నేర్చుకున్నాను. ఆ తర్వాత నా సర్వీసులో ఏ కరపత్రం కట్టకూ తాళం వెయ్యలేదు. సంతరోజున బల్ల బయట వేసి పంచేవాణ్ణి. ఆడిట్‌వాళ్లు అడిగితే సంజాయిషీ రాసుకున్నాను.

ఈ రంగంలో తర్వాత మంచి మార్పులు వచ్చాయి. వ్యవసాయ కళాశాలల గ్రంథాలయాలు ఒకప్పుడు ఎవరి పుస్తకాలు వారివన్నట్టుండేవి. ఏ ఒక్క గ్రంథాలయమూ అన్ని పరిశోధన పత్రికలూ కొనలేదు. అందుకని 2007లో దేశంలోని వ్యవసాయ గ్రంథాలయాలను కలిపి సెరా అనే ఉమ్మడి ఏర్పాటు చేశారు. ఒక చోట ఉన్న పత్రిక వ్యాసం మరొక చోట అడిగినవారికి కంప్యూటరులో అందుతుంది. విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను, పాత నివేదికలను కృషికోశ్ అనే భాండాగారంలో ఉంచుతున్నారు. మన నైరా కళాశాల పిల్లవాడికి ఢిల్లీలో ఉన్న పత్రిక కూడా ఇవాళ దూరం కాదు. రైతుకోసం 2004లో కిసాన్ కాల్ సెంటర్లు వచ్చాయి, తెలుగులోనే అడగవచ్చు. విశ్వవిద్యాలయం ఏటా వ్యవసాయ పంచాంగం వేస్తోంది. 2020లో ఊళ్లల్లో పెట్టిన రైతు భరోసా కేంద్రాల్లో, తర్వాత రైతు సేవా కేంద్రాలుగా పేరు మారిన వాటిలో, చిన్న పుస్తకాల అరకు కూడా చోటిచ్చారు.

గ్రంథాలయానికీ గ్రంథాలయానికీ మధ్య దారి వేశారు, సంతోషం. అరకూ రైతుకూ మధ్య ఉన్న నాలుగడుగులు మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరు నడవాల్సినవే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన ఉద్దానం ఏమైందో మీకు చెప్పనక్కర్లేదు. కొబ్బరి, జీడి, పనస ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. తాతలనాటి తోటల్లో పడిపోయిన కొబ్బరి మానుల మధ్య కూర్చుని మగవాళ్లు కూడా ఏడ్చారు. ఆ నెలలో నేనూ, రిటైరైన మరో ఇద్దరు మిత్రులూ తోటల గురించిన కరపత్రాలు సంపాదించి, జీరాక్స్ తీయించి, రామమందిరం అరుగుల మీద చదివి వినిపించాం. పడిన మానులు అలాగే కుళ్లితే వాటిలో కొమ్ముపురుగు పెరిగి, నిలబడిన చెట్ల మొవ్వు తినేస్తుందన్న సంగతి చాలామంది కుర్రాళ్లకు తెలియదు. వాళ్ల నాన్నలకు తెలుసు, కాని ఆ దుఃఖంలో గుర్తు రాలేదు. మేము చదివాక కొన్ని ఊళ్లల్లో మానులు కోయించి తొలగించారు. మేం చేసిందల్లా చదవడమే.

ఆ అరుగుల మీద మావయ్యగారి మనవడు కూడా ఉన్నాడు. కాగితం నా చేతిలోంచి తీసుకుని పక్క వీధిలో తనే చదువుతానని వెళ్లాడు. ఆ రాత్రి నాకు చాలా ఏళ్ల తర్వాత కాస్త నెమ్మదిగా నిద్ర పట్టింది.

మనమంతా సర్కారు కాగితాల మధ్య బతికినవాళ్లం. చదవడం, రాయడం మన వృత్తి. మోకాళ్ల నొప్పులున్నా కళ్లజోడు పెట్టుకుంటే అక్షరం కనబడుతుంది. వారానికి ఒక్కరోజు మీ ఊరి రైతు సేవా కేంద్రానికో, శాఖా గ్రంథాలయానికో వెళ్లి, అరలో ఉన్నదేదో చూసి, అవసరమైన రైతుకు చదివి చెప్పండని నా మనవి. నవంబరు 7న రంగాగారి విగ్రహానికి దండ వేస్తే మంచిదే. ఆ రోజు ఒక రైతుకు ఒక కాగితం చదివి వినిపిస్తే ఆయనకు అంతకన్నా తగిన దండ ఉండదని నా నమ్మకం.

ఇంతటితో సెలవు.