పేరు లేని కలం

కొడవటిగంటి కుటుంబరావుగారు 1909లో తెనాలిలో జన్మించారు. ‘చదువు’ నవల ఆయనను పెద్దల సాహిత్యంలో సుప్రసిద్ధుని చేసింది. పిల్లలకు మాత్రం ఆయన అజ్ఞాత రచయిత. 1952 మొదలు 1980లో కన్నుమూసేవరకు చందమామను తీర్చిదిద్దినది ఆయనే. చాలాకాలం సంపాదకునిగా అచ్చయినది చక్రపాణిగారి పేరు. ఇతరులు పంపిన వ్రాతప్రతులను కుటుంబరావుగారు తేట తెలుగులో తిరగవ్రాసేవారు. ‘తోకచుక్క’ మొదలైన ఉత్కంఠభరిత ధారావాహికలు వ్రాసిన సహోద్యోగి దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరు సైతం కథలపై ఉండేది కాదు. అచ్చయిన పిదప వ్రాతప్రతి చిత్తుకాగితమైపోతే, ఏ వాక్యం ఎవరిదో తేల్చే సాక్ష్యం నశిస్తుంది. పేరు ఆశించక మనకు చదువరితనం నేర్పిన ఆ గురువుల ఋణం మనపై ఉన్నది. విద్యార్థులారా! మీ యింట పెద్దల చేతివ్రాత కాగితాలుంటే పారవేయకండి.