వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మాత్ర.. దాని వెనుక మన యల్లాప్రగడ

రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవారికి డాక్టర్లు ఎక్కువగా రాసే మందు మెథోట్రెక్సేట్. దానితోపాటు ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా ఇస్తారు. ఈ రెండింటి చరిత్రా అమెరికాలోని లెడర్లీ లేబొరేటరీకి చేరుతుంది. అక్కడ పరిశోధనలను నడిపించింది మన తెలుగువాడు, యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు కాశీకి బయల్దేరి పారిపోతే తల్లి వెనక్కి తీసుకొచ్చారు. తండ్రి పోయాక ఆ తల్లే నగలమ్మి చదివించారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. సర్జరీ ప్రొఫెసర్‌కు అది గిట్టలేదు. చివరికి ఎంబీబీఎస్ రాలేదు, అంతకంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అన్నదమ్ముల్లో ఇద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు బలి తీసుకుంది. అదే జబ్బు తనకూ వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు.

1922లో బోస్టన్ చేరారు. భార్య శేషగిరిని మళ్లీ చూడలేదు, ఇండియాకు తిరిగి రాలేదు. పగలు చదువు, రాత్రి ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించడంలోనూ ఆయన చెయ్యి ఉంది. అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీకి మారారు.

ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూ జబ్బులో ఇప్పుడు వాడే మందుల్లో ఇదొకటి. ఆ తర్వాత ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే మందులు తయారయ్యాయి. వాటిలో ఒకదాన్ని 1947 చివర్లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు వాడారు. మెథోట్రెక్సేట్ కూడా ఆ కుటుంబంలోదే. 1948 ఆగస్టులో 53 ఏళ్లకే సుబ్బారావు కన్నుమూశారు. మూడేళ్ల తర్వాత, 1951లో, ఈ రకం మందుతో కీళ్లవాతం తగ్గడాన్ని డాక్టర్లు గమనించారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌ను అమెరికా అధికారికంగా ఒప్పుకోవడానికి 1988 దాకా పట్టింది.

ఎముకల చివర్లకు నున్నటి తొడుగులా ఉండేది మృదులాస్థి. దానికి రక్తనాళాలు లేవు, పాడైతే మళ్లీ సరిగా పెరగదు. రుమటాయిడ్‌లో కీలు లోపలి పొర వాచి, మందమై, ఈ మృదులాస్థిని తినేస్తుంది. జబ్బు తరచూ వేళ్లు, మణికట్లలో మొదలై భుజం దాకా వస్తుంది. అప్పుడు జడ వేసుకోవడానికి, అటక మీది డబ్బా దించడానికి చెయ్యి లేవదు. పొద్దున లేచాక గంటకు పైగా కీళ్లు బిగుసుకుని ఉంటే, చేతి వేళ్ల కణుపులు వాస్తే ఆలస్యం చేయొద్దు. మృదులాస్థి ఇంకా మిగిలి ఉండగానే మందు మొదలుపెట్టాలి. నొప్పి బిళ్లలు ఆ నష్టాన్ని ఆపవు.

షుగరు ఉన్నవారికి భుజం ఒక్కటే బిగుసుకుపోవడం, వయసుతో వచ్చే అరుగుదల వేరే సంగతులు. వాటికి ఈ మాత్ర పనికిరాదు. పక్కింటివారికి తగ్గిందని తెచ్చుకుని వేసుకోకండి.

ఇది క్యాన్సర్ మందట కదా అని కొందరు భయపడి మధ్యలో మానేస్తారు. కీళ్లకు ఇచ్చే మోతాదు చాలా తక్కువ. గుణం కనిపించడానికి ఆరు నుంచి 12 వారాలు పడుతుంది. అసలు భయపడాల్సింది రోజూ వేసుకోవడానికి. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం పోవచ్చు. ఏ వారమో చీటీ మీద పెద్దక్షరాలతో రాయించుకోండి. ఫోలిక్ యాసిడ్‌ను సాధారణంగా వేరే రోజు వేసుకోమంటాం. ఇంట్లో పెద్దవాళ్లుంటే రెండు మాత్రలనూ వేర్వేరు డబ్బాల్లో పెట్టడం మంచిది.

నోట్లో పుండ్లు, జ్వరం, ఆయాసం, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి రండి. రక్తకణాలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు డాక్టరు చెప్పినప్పుడల్లా చేయించుకోవాలి. మద్యం వద్దు. పిల్లల కోసం అనుకునే దంపతులు ముందే చెప్పాలి, గర్భిణులు అసలు వాడకూడదు. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్‌తో కలిస్తే ప్రమాదం, అందుకే ఏ జబ్బుకు వెళ్లినా ఈ మాత్ర సంగతి చెప్పండి.

మన అనంతపురం ఎండల్లో ఇంకో జాగ్రత్త. ఈ మందు కిడ్నీల గుండానే బయటికి పోతుంది. వాంతులు, విరేచనాలయినా, వడదెబ్బతో ఒంట్లో నీరు తగ్గినా అది లోపలే నిలిచిపోతుంది. అలాంటప్పుడు ఆ వారం మాత్ర వేసుకునే ముందు డాక్టర్ని అడగండి.