ఫ్రెడరిక్ లాంచెస్టరు జీవితము

మోటారు బండిని నడుపుట నేర్పినవారిని లోకము వేనోళ్ల కొనియాడును. దానిని నిలుపుట నేర్పినవారిని తలచువారు అరుదు. అట్టివారిలో ఒకడగు ఫ్రెడరిక్ లాంచెస్టరు చరిత్రమును మా పాఠకులకు, అందును విద్యార్థులకు, సంగ్రహముగా తెలుపగోరుచున్నాము.

లాంచెస్టరు 1868వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి గృహనిర్మాణ శిల్పి. బాలుడు సౌతాంప్టనులోను, పిదప లండనులోని సౌత్ కెన్సింగ్టనులోను శాస్త్రవిద్య నభ్యసించెను గాని పట్టము పొందకయే కళాశాలను విడిచెను. తరువాత బర్మింగుహాములో గ్యాసు ఇంజనులు చేయు కర్మాగారమున చేరి, చేతిపనియందును గణితమునందును సమానమైన నేర్పు సంపాదించెను. 1895లో మోటారు బండి నిర్మాణమునకు పూనుకొనగా మరుసటి యేట అది వీథికెక్కెను. ఆనాటి పెక్కు బండ్లు గుఱ్ఱపు బండికి ఇంజను తగిలించినట్లుండెడివి. ఇతడో తన బండిని మొదటినుండియు మోటారు బండిగానే తలపోసి నిర్మించెను. 1899లో తన పేర కంపెనీని నెలకొల్పెను.

వేగము హెచ్చినకొలది నిలుపు సాధనము కూడ బలపడవలసి వచ్చెను. 1902లో ఇతడు డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను. చక్రముతో కూడ తిరుగునట్లు పలుచని లోహపు బిళ్ల నొకదాని నమర్చి, దాని అంచును ఇరుప్రక్కలనుండి నొక్కు దవడలను బిగించుటయే ఇందలి యుక్తి. కమ్మరి పట్టకారుతో ఇనుపరేకును పట్టినట్లే యని తలపవచ్చును. ఈ దవడల సాధనమునే నేడు క్యాలిపరు అందురు.

బ్రేకు వేయుటయనగా బండి వేగమును వేడిగా మార్చుటయే. 1944లో తెఱవబడిన తిరుమల మొదటి ఘాటురోడ్డు వంటి దీర్ఘమైన దిగుడు దారిలో ఈ వేడి మిక్కుటమగును. డ్రమ్ము బ్రేకునందు వేడి లోపలనే చిక్కుకొనును. డ్రమ్ము వ్యాకోచించి లోపలి షూలకు దూరమగును. లైనింగు పట్టు సడలును. డిస్కు అట్లుగాక గాలికి బయలుపడియుండుటచే త్వరగా చల్లారును; వేడికి మందమెక్కినను దవడలవైపునకే పెరుగును.

ఆలోచన సరియైనదే. దానికి తగిన పదార్థము మాత్రము అప్పటికి లేకపోయెను. దవడలకు తొడిగిన రాగి నాటి దుమ్ము దారులలో త్వరగా అరిగిపోయెను. లోహముపై లోహము ఒరసి కీచుమని అరచెను. ధనము చాలక 1904లో కంపెనీయు చిక్కులలో పడెను. మరుసటి యేట అది తిరిగి నిలిచినను, కొన్ని యేండ్లకు ఇతడు దాని యాజమాన్యమును వదలి డెయిమ్లరు కంపెనీకి సలహాదారుడయ్యెను. ఇంతలో విమానములు గాలిలో నిలుచు విధమునుగూర్చి 1907, 1908 సంవత్సరములలో రెండు గొప్ప గ్రంథములు ప్రకటించెను. పట్టములేని ఈ పండితుని 1922లో రాయల్ సొసైటీ తన సభ్యునిగా ఎన్నుకొనెను.

అవసానకాలమున పార్కిన్సను వ్యాధియు, దృష్టిమాంద్యమును, లేమియు ఇతనిని బాధించెను. 1946 మార్చి 8వ తేదీన బర్మింగుహాములో మరణించెను. తన దవడల బ్రేకు లోకమంతట వ్యాపించుట చూచు భాగ్యము అతనికి లేకపోయెను.

ఆరేండ్లు గడచినవి. డన్లపు, జాగ్వార్ సంస్థలవారు క్రొత్త లైనింగులతో ఆ పద్ధతిని మరల చేపట్టిరి. తీవ్ర పరీక్షలలో వేడికి బ్రేకు ద్రవమే మరగుచుండగా లోపములను ఒక్కొక్కటిగా దిద్దుకొనుచు పోయిరి. 1952లో రీమ్స్ పందెమునను, 1953లో ఇరువది నాలుగు గంటల ల మాన్ పందెమునను డిస్కు బ్రేకుల జాగ్వార్ కార్లే గెలిచినవి. నేడు మన వీథులలోని కార్లకును మోటారు సైకిళ్లకును ఆ బ్రేకు సామాన్యమైనది.

విద్యార్థులారా, మీరు శ్రద్ధతో చేసిన పని యేదైన చెడినప్పుడు, చెడినది ఆలోచనయా, లేక దానికి వాడిన పదార్థమా యని తఱచి చూడుడు. పదార్థమే చెడినచో ఆ ఆలోచనను పాఱవేయక పుస్తకమున వ్రాసియుంచుడు. వెనుక వచ్చువాడు దానిని నెరవేర్పగలడు.