పదవి వదిలేశారు.. వర్సిటీని మాత్రం వదల్లేదు! కట్టమంచి రామలింగారెడ్డి కథ ఇదీ

విశాఖ వెళ్లినవాళ్లకు ఆంధ్రా యూనివర్సిటీ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ ఆ వర్సిటీ తొలి వైస్ ఛాన్సలర్ ఓసారి రాజీనామా చేసి బయటికి వెళ్లిపోయారని, ఆరేళ్లకు మళ్లీ అదే కుర్చీలోకి వచ్చారని ఎంతమందికి తెలుసు? ఆయనే సర్ కట్టమంచి రామలింగారెడ్డి. సీఆర్ రెడ్డి అంటే ఠక్కున గుర్తుపడతారు. ఫిబ్రవరి 24 ఆయన వర్ధంతి.

చిత్తూరు నుంచి కేంబ్రిడ్జికి..

1880లో చిత్తూరు దగ్గర కట్టమంచిలో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివే రోజుల్లోనే 'ముసలమ్మ మరణం' కావ్యం రాశారు. చెరువు కట్ట తెగితే ఊరి కోసం ప్రాణమిచ్చిన ఓ కోడలి కథ అది. తర్వాత కేంబ్రిడ్జిలో చదివారు. తిరిగొచ్చి బరోడాలో, మైసూరులో పాఠాలు చెప్పారు. మైసూరు విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్నప్పుడు దళిత పిల్లల్ని కూడా సర్కారు బడుల్లో చేర్చుకోవాల్సిందేనని పట్టుబట్టారు. ఈ మధ్యలోనే 1914లో 'కవిత్వతత్త్వ విచారము' రాసి తెలుగు పండితుల మధ్య పెద్ద చర్చే లేపారు.

ఊరు ఏది?

1926లో బెజవాడ కేంద్రంగా ఆంధ్రా యూనివర్సిటీ మొదలైంది. అప్పటికి పనల్లా కాలేజీలకు అనుబంధం ఇవ్వడం, పరీక్షలు పెట్టడమే. రెడ్డిగారికి అది సరిపోలేదు. పాఠాలు, పరిశోధన ఒకేచోట జరగాలన్నది ఆయన పట్టు. మరి కేంద్రం ఎక్కడ? బెజవాడ, అనంతపురం, వాల్తేరు.. ఎవరి వాదన వాళ్లది. చివరికి వాల్తేరే ఖాయమైంది. రాయలసీమలో చాలామంది నొచ్చుకున్నారు. రెడ్డిగారిదీ ఆ చిత్తూరు జిల్లానే, అయినా ఆయన వాల్తేరు వైపే నిలబడ్డారు.

కల నెరవేరే వేళ..

1930లో వర్సిటీ వాల్తేరు చేరింది. అసలు పని మొదలయ్యేది అప్పుడే. కానీ ఉప్పు సత్యాగ్రహంపై బ్రిటిష్ సర్కారు అణచివేతకు నిరసనగా అదే ఏడాది ఆయన రాజీనామా చేసేశారు! 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. ఆర్ట్స్, సైన్స్ బోధనా శాఖలు ఆయన హయాంలోనే నిలదొక్కుకున్నాయి. సైన్స్ కాలేజీకి జయపూర్ మహారాజా విక్రమదేవ వర్మ అండగా నిలిచారు.

మళ్లీ అదే కుర్చీ

1936లో రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. రెడ్డిగారు తిరిగొచ్చి 1949 దాకా ఉన్నారు. వేరేవాళ్లు కట్టిన దాన్ని పక్కన పెట్టలేదు, ఇంకా పెంచారు. భౌతికశాస్త్రంలో సూరి భగవంతం, మొక్కల రసాయనాలపై టీఆర్ శేషాద్రి ప్రయోగాలు చేసిన చోటది. తర్వాత ప్రపంచం మెచ్చిన గణాంకవేత్త సీఆర్ రావు ఎంఏ గణితం చదివిందీ ఇక్కడే, రెడ్డిగారి కాలంలోనే. యుద్ధకాలంలో జపాన్ బాంబుల భయంతో వర్సిటీ కొన్నాళ్లు గుంటూరుకు మారాల్సి వచ్చింది. అయినా చదువు ఆగలేదు.

పెళ్లి చేసుకోలేదు. 1951లో కన్నుమూశారు. నిరసన కోసం వదులుకున్న కుర్చీలోనే చివరికి పదమూడేళ్లు పనిచేశారు. వాల్తేరు కొండల మీద ఇప్పటికీ వేలమంది చదువుకుంటున్నారంటే, పరీక్షలు పెట్టే ఆఫీసుగా ఉంటే చాలదని ఆయన ఆనాడు పట్టిన పట్టే దానికి మొదలు.