ఒక గోడ కాదు, నాలుగు గోడలు



అనంతపురంలో నేడు ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలగా ఉన్న పాత దత్తమండల కళాశాలలో చదివినవారిలో దామోదరం సంజీవయ్యగారు ఒకరు. వారి కథ మన బిడ్డలకు చెప్పవలసినది.

సంజీవయ్యగారు 1921 ఫిబ్రవరి 14న కర్నూలు సమీపాన పెద్దపాడులో ఒక బీద దళిత కుటుంబంలో జన్మించారు. పుట్టిన కొద్ది రోజులకే తండ్రి కన్నుమూశారు. కులం ఒక గోడ, పేదరికం రెండవ గోడ, తండ్రి లేని లోటు మూడవది. ఒక గోడ దాటినంత మాత్రాన తక్కినవి కూలిపోవు. ఫీజు కట్టే స్తోమత ఉన్నా కులం అడ్డు వచ్చేది. కులాన్ని పట్టించుకోని ఉపాధ్యాయుడు దొరికినా ఇంట్లో గింజలు ఉండేవి కావు. అయినా వారు కర్నూలులో, అనంతపురంలో చదివి, మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేశారు.

1960 జనవరిలో ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ పదవి చేపట్టిన మొదటి దళితుడు ఆయనే. 1962 మార్చి వరకు సాగిన ఆ పాలనలో వృద్ధులకు పింఛను వచ్చింది. 1961లో ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. 1972 మేలో వారు మరణించారు.

అంటరానితనం పేరిట బిడ్డను బడిలో గాని హాస్టలులో గాని చేర్చుకోకపోవడం 1955 చట్టం ప్రకారమే నేరం. 1976లో అది పౌరహక్కుల పరిరక్షణ చట్టమై, కనీసం ఒక నెల జైలు తప్పనిసరి చేసింది. కాని ఫిర్యాదు చేసేవారు లేకపోతే చట్టం పుస్తకంలోనే నిద్రపోతుంది.

నేడు మన కరువు పల్లెల్లో దళిత ఆడపిల్లకు నాలుగవ గోడ కూడా ఉంది. అన్నను బడికి పంపి చెల్లెలిని వేరుశెనగ చేనికి పంపుతాము. ఆ గోడ కట్టింది ఊరు కాదు, మనమే. క్రైస్తవులైన దళితులకు 1950 ఉత్తర్వు వల్ల షెడ్యూల్డ్ కులాల హోదా లేదు. అయినా బడిలో అంటరానితనం పాటిస్తే శిక్షించే చట్టం బాధితుని మతం అడగదు.

కనుక తల్లిదండ్రులారా, మీ బిడ్డను విడిగా కూర్చోబెడితే మౌనంగా ఇంటికి తీసుకురావద్దు. నలుగురు కలిసి వెళ్ళండి. ఫిర్యాదు వ్రాసి ఇచ్చి, రసీదు అడగండి. అంతకు ముందు మీ కూతురి పుస్తకాల సంచి ఆమె భుజానికి తగిలించండి.