సీసపు ధూళిని వెదకిన వైద్యురాలు

తలుపులకును కిటికీలకును పూయు తెల్లని సఫేదా మనమెల్లరము ఎఱిగినదే. పూర్వము దానిని సీసముతో చేయుచుండిరి. అది చేయు పనివారి చేతులు మణికట్టునొద్ద చచ్చుబడి వాలిపోవుచుండెను; కడుపులో దుస్సహమగు నొప్పి పుట్టుచుండెను; కొందఱికి మతియే చలించుచుండెను. చేతులు కడుగుకొనకయే అన్నము తినుటవలన ఇట్లయ్యెనని యజమానులు పనివారినే నిందించుచుండిరి. ఆ నింద సరికాదని నిరూపించిన ఆలిస్ హామిల్టను చరితమును మా విద్యార్థులకు చెప్పనెంచితిమి.

ఈమె 1869వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు నగరమున జన్మించి, ఇండియానా రాష్ట్రమున పెరిగెను. 1893లో మిచిగన్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టమునొంది, 1897లో షికాగో చేరి, బీదలగు వలసజనుల నడుమ నెలకొల్పబడిన హల్ హౌస్ అను సేవాగృహమున నివసించెను. పొరుగిండ్లవారు ఏ పనికి పోయి ఏ రోగముతో తిరిగివచ్చుచుండిరో ఆమె అచ్చటనే కనిపెట్టెను.

1910లో ఇల్లినాయి రాష్ట్రము వృత్తిరోగముల విచారణ నామెకు అప్పగించెను. కర్మాగారములలోనికి బలవంతముగా ప్రవేశించు అధికారము మాత్రము లేదు. యజమానులను ఒప్పించియే లోనికి పోవలెను. ఆమె ఆసుపత్రుల చిట్టాలు తిరుగవేసెను, మందులకొట్లవారిని అడిగెను, రోగుల యిండ్లకు పోయి వారి భార్యలతో మాటలాడెను. డెబ్బదికి పైగా పనులలో సీసము మనుష్యులను బాధించుచున్నదని తేలెను.

నేషనల్ లెడ్ కంపెనీ పెద్దయగు ఎడ్వర్డు కార్నిషు మొదట ఆమె మాట నమ్మలేదు. కొంత ఆగ్రహించెను గూడ. తన పనివారు రోగులగుచున్నారని రుజువు చేసినచో కావలసిన మార్పులు చేసెదనని పలికెను. ఆమె వెదకి, సీసరోగముతో ఆసుపత్రి పాలైన 22 గురి వివరములను ఆయన ముందుంచెను. ఆయన మాట తప్పలేదు. ధూళియు ఆవిరియు లేవకుండ యంత్రములను మార్పించి, పనివారిని పరీక్షించుటకు వైద్యులను నియమించెను. మేము ఆమె నెంత మెచ్చుకొందుమో, లెక్క చూచిన పిమ్మట తన తప్పొప్పుకొన్న ఆ వర్తకునిని గూడ అంత మెచ్చుకొందుము.

ఇందలి కిటుకు ఇది. విషము ముఖ్యముగా ఊపిరితో లోనికి పోవుచుండెను. గాలియందు ధూళి నిండియుండగా పనివాడు ఎన్నిమార్లు చేతులు కడుగుకొనినను ఏమి లాభము? ధూళి పుట్టినచోటనే దానిని అణచవలెను. అది యజమానుడు తప్ప మఱియొకడు చేయజాలని పని.

1919లో హార్వర్డు విశ్వవిద్యాలయము ఆమెను ఉపాధ్యాయినిగా చేర్చుకొనెను. అచ్చట బోధించిన మొదటి స్త్రీ ఈమెయే. అయినను అధ్యాపకుల క్లబ్బునకు రాగూడదనియు, పట్టప్రదానోత్సవమున వేదికపై కూర్చుండగూడదనియు, ఫుట్‌బాలు ఆటకు టిక్కెట్లు కోరగూడదనియు షరతులు పెట్టిరి. టిక్కెట్ల మాట యెట్లున్నను, 1935లో విరమించువఱకు ఒక్క పదోన్నతియైన ఈయకుండుట మాకు మిక్కిలి కష్టముగా తోచుచున్నది.

పెట్రోలులో సీసము కలుపగూడదని 1925లో ఆమె వాదించెను. వినినవారు కొలదిమంది. భారతదేశమున అట్టి పెట్రోలు 2000వ సంవత్సరమునను, లోకమున కడపటిగా అల్జీరియాలో 2021లోను నిలిచిపోయెను.

ఆమె 101 సంవత్సరములు జీవించి, 1970 సెప్టెంబరు 22వ తేదీన మరణించెను. పనిచోట్ల భద్రతను, ఆరోగ్యమును గూర్చిన చట్టము ఆ డిసెంబరులోనే అమెరికాలో ఏర్పడెను. దాని ననుసరించి పరీక్షాధికారులకు కర్మాగారములలో ప్రవేశించు హక్కు కలిగెను.