గ్రిఫిత్ ఎవాన్స్

గ్రిఫిత్ ఎవాన్స్ (1835 ఆగస్టు 7 - 1935 డిసెంబరు 7) వేల్స్ దేశానికి చెందిన పశువైద్యుడు, సూక్ష్మజీవ శాస్త్రవేత్త. గుర్రాలకు, ఒంటెలకు ప్రాణాంతకమైన సర్రా వ్యాధికి రక్తంలోని ఒక సూక్ష్మ పరాన్నజీవి కారణమని 1880లో భారతదేశంలో పనిచేస్తూ కనుగొన్నాడు. క్షీరదాలలో వ్యాధిని కలిగించే ట్రిపనొసోమా జాతి జీవిని గుర్తించడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఆ జీవికి ఈయన పేరిటే ట్రిపనొసోమా ఎవాన్సై అనే పేరు వచ్చింది. పశువులతోపాటు జంతు ప్రదర్శనశాలలలోని పులులు, సింహాలు మొదలైన వాటికి కూడా ఈ వ్యాధి సోకుతుంది.

బాల్యము, విద్య

ఎవాన్స్ వేల్స్‌లోని మెరియోనెత్ ప్రాంతంలో, టౌవిన్ పట్టణ సమీపాన ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. లండన్‌లో పశువైద్యం చదివి, 1860లో సైన్యంలోని రాయల్ ఆర్టిలరీ దళంలో పశువైద్యాధికారిగా చేరాడు. మరుసటి సంవత్సరం ఆయనను కెనడాలోని మాంట్రియల్‌కు పంపారు. అక్కడ ఉద్యోగం చేస్తూనే మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మనుషుల వైద్యం కూడా అభ్యసించి, 1864లో ఎం.డి. పట్టా పొందాడు. ఆ సంవత్సరమే అమెరికా అంతర్యుద్ధంలో పోరాడుతున్న సైన్యాలను చూడటానికి వెళ్ళి, అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌ను కలుసుకున్నాడు. పశువైద్యము, మానవ వైద్యము రెండూ తెలిసి ఉండటం ఆయనకు తరువాతి పరిశోధనలలో ఎంతో ఉపకరించింది.

సర్రా పరిశోధన

1877లో ఎవాన్స్ భారతదేశానికి వచ్చాడు. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్ (ప్రస్తుతం పాకిస్తాన్‌లో ఉన్నది) వద్ద సైన్యపు గుర్రాలు, ఒంటెలు పెద్దసంఖ్యలో మరణిస్తుండగా, కారణం కనుగొనే పని ఆయనకు అప్పగించారు. వ్యాధి సోకిన జంతువుకు విడతలు విడతలుగా జ్వరం వచ్చేది. రక్తం క్షీణించి, కాళ్ళు, పొట్ట వాచి, మేత తింటున్నా చిక్కిపోయి చనిపోయేది. స్థానికులు దీనిని సర్రా అనేవారు. పెద్ద ఈగలు కుట్టడంవలన ఇది వస్తుందని వారి నమ్మకం.

ఎవాన్స్ రోగగ్రస్త జంతువుల రక్తాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించగా, ఎర్ర రక్తకణాల మధ్య చురుకుగా మెలికలు తిరుగుతూ ఈదే జీవులు కనిపించాయి. అవి ఎక్కువైనప్పుడు జ్వరం పెరగడం, కనబడకుండా పోయినప్పుడు తగ్గడం ఆయన గమనించాడు. ఆ రక్తాన్ని ఆరోగ్యంగా ఉన్న జంతువులకు ఎక్కించగా వాటికీ అదే వ్యాధి వచ్చింది. దీనితో ఆ జీవే వ్యాధికి కారణమని ఆయన నిర్ధారించాడు.

వ్యతిరేకత, గుర్తింపు

ఈ నిర్ధారణను ఆనాటి పై అధికారులు, వైద్య ప్రముఖులు అంగీకరించలేదు. 1878లో టిమోతీ లూయిస్ అనే వైద్యుడు మన దేశపు ఎలుకల రక్తంలో ఇటువంటి జీవులనే చూశాడు. ఆ ఎలుకలు ఆరోగ్యంగానే ఉన్నందున ఇవి హాని చేయనివని అప్పటి అభిప్రాయం. నిజానికి ఎలుకలలోనిది వేరొక జాతి.

1885లో బర్మాలోని కంచర గాడిదలలో ఈ వ్యాధిని పరిశీలించిన జాన్ హెన్రీ స్టీల్ ఆ జీవిని మరొక వర్గానికి చెందినదిగా పొరబడినా, దానికి ఎవాన్స్ పేరే పెట్టాడు. 1888లో దానిని ట్రిపనొసోమా ప్రజాతిలో చేర్చారు. 1895లో డేవిడ్ బ్రూస్ ఆఫ్రికా పశువుల నగానా వ్యాధికి అటువంటి జీవే కారణమని చూపాడు. తరువాత మనుషుల అతినిద్ర వ్యాధి కారణం కూడా తెలియడంతో ఎవాన్స్ పరిశోధన విలువ అందరికీ అర్థమయింది. 1917లో ఆయనకు మేరీ కింగ్‌స్లీ పతకం లభించింది. అప్పటికి ఆయన వయస్సు సుమారు 82 సంవత్సరాలు.

చివరి జీవితము

1890లో సైన్యం నుండి విరమించి, ఎవాన్స్ ఉత్తర వేల్స్‌లోని బాంగర్‌లో స్థిరపడ్డాడు. అక్కడి విశ్వవిద్యాలయ కళాశాలలో సుమారు ఇరవై సంవత్సరాలు పశువుల ఆరోగ్యంపై పాఠాలు చెప్పాడు. నూరు సంవత్సరాలు నిండిన తరువాత 1935 డిసెంబరు 7న మరణించాడు.

జంతు ప్రదర్శనశాలలలో సర్రా

ఈ పరాన్నజీవిని ఒక జంతువు నుండి మరొక జంతువుకు ముఖ్యంగా జోరీగలు చేరవేస్తాయి. రోగమున్న జంతువును కుట్టి, కడుపు నిండకముందే లేచి మరొకదానిని కుట్టినప్పుడు, నోటికి అంటిన రక్తంతో అది సంక్రమిస్తుంది. స్థానికుల పాత నమ్మకంలో ఇంత నిజమున్నది. పులులు, సింహాలకు మరొక మార్గం కూడా ఉన్నది. వ్యాధి ఉన్న పశువు పచ్చిమాంసం తిన్నప్పుడు నోటిలోని చిన్న గాయాలగుండా పరాన్నజీవి ప్రవేశిస్తుంది. గేదెలు, ఆవులలో వ్యాధి లక్షణాలు పైకి కనబడకపోవచ్చు కనుక, మాంసాన్ని చూపుతో పరీక్షించడం సరిపోదు.

ఒడిషాలోని భువనేశ్వర్ సమీపాన ఉన్న నందన్‌కానన్ జంతు ప్రదర్శనశాలలో 2000 సంవత్సరంలో కొద్ది రోజులలోనే 12 పులులు మరణించాయి. వాటిలో తెల్లపులులు కూడా ఉన్నాయి. సర్రా వ్యాధే కారణమని పరీక్షలలో తేలింది. చికిత్స చేసిన తీరుపై కూడా అప్పట్లో తీవ్రమైన విమర్శలు వచ్చాయి.

పులి నుండి రక్తం తీయాలంటే దానిని ఇరుకు బోనులో బంధించాలి, లేదా మత్తుమందు ఇవ్వాలి. అందువలన వ్యాధి ముదిరేవరకు తెలియకపోయే ప్రమాదమున్నది. హైదరాబాదులోని నెహ్రూ జంతు ప్రదర్శనశాల (1963లో ప్రారంభం), హనుమకొండలోని కాకతీయ జంతు ప్రదర్శనశాల వంటి చోట్ల కూడా ఈగల నివారణ, ఆహారపు మాంసం తనిఖీ, కొత్తగా తెచ్చిన జంతువులను కొంతకాలం వేరుగా ఉంచడం ముఖ్యమైన జాగ్రత్తలు. డిమినజీన్, క్వినాపైరమిన్ వంటి మందులున్నవి కాని టీకా లేదు. పరాన్నజీవి తన పైపొరలోని మాంసకృత్తులను తరచూ మార్చుకుంటూ, శరీరపు రక్షణ వ్యవస్థకు చిక్కకుండా తప్పించుకోవడమే ఇందుకు కారణం. జ్వరం విడతలుగా రావడానికి కూడా ఇదే మూలం.

ఈ వ్యాధి మనుషులకు సాధారణంగా రాదు. కాని తెలంగాణ సరిహద్దులోని మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాకు చెందిన ఒక రైతుకు ఇది సోకినట్లు 2005లో ప్రకటించారు. సాధారణంగా మనుషుల రక్తంలో ఉండి ఈ జీవిని చంపే ఒక మాంసకృత్తు అతనిలో లోపించడమే కారణమని 2006లో వెల్లడయింది.